గోల్కొండ మెట్ల మీద పదమూడు నెలలు

లంగర్ హౌజ్ నుంచి వచ్చే రోడ్డు గోల్కొండ బయటి ప్రాకారాన్ని ఫతే దర్వాజా దగ్గర దాటుతుంది. ఏనుగులు కుమ్మి పగలగొట్టకుండా ఆ తలుపులకు దిగగొట్టిన ఇనుప మేకులు నేటికీ ఉన్నాయి. వాటి పక్కనుంచే ఆటోలు, స్కూలు వ్యాన్లు, కూరగాయల బండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతుంటాయి. గోల్కొండ అనగానే చాలామందికి టికెట్టు కొని చూసే కొండ మాత్రమే గుర్తుకు వస్తుంది. కానీ బయటి గోడకూ కొండకూ నడుమ ఒక నిండైన ఊరుంది. అందులో ఇళ్ళున్నాయి, మస్జిదులున్నాయి, బేకరీలున్నాయి, పిల్లలు క్రికెట్ ఆడే ఖాళీ స్థలాలున్నాయి.

2024 జనవరిలో ఒక శుక్రవారం ఉదయం ఆ దర్వాజా కింద నిలబడి నేను ఊపిరి కోసం ఆగాను. ఎక్కింది కొండ కాదు. బస్సు దిగి రెండు వందల అడుగులు నడిచానంతే. నా వయసు అప్పటికి 53 ఏళ్ళు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 96 కిలోలు.

మదర్సాలో నేను బోధించేది ఫిఖ్హ్. రోగి నమాజు అధ్యాయం వచ్చినప్పుడల్లా, నిలబడలేనివాడు కూర్చొని, వంగలేనివాడు సైగతో చేయవచ్చునని ఇరవై ఆరేళ్ళుగా విద్యార్థులకు వివరిస్తూ వచ్చాను. 2023 చలికాలంలో ఆ అధ్యాయానికి నేనే ఉదాహరణనయ్యాను. కుడి మోకాలు వంగనని మొరాయించింది. మా మస్జిదులో సఫ్ చివర వృద్ధుల కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీలలో ఒకటి నాదైపోయింది. షరీఅత్ ఇచ్చిన సడలింపును వాడుకోవడంలో సిగ్గుపడవలసిందేమీ లేదని ఎందరికో ధైర్యం చెప్పినవాణ్ణి. నా వంతు వచ్చేసరికి ఆ ధైర్యం నాకే చాలలేదు. నుదురు నేలను తాకకుండా నమాజు ముగించిన మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. వయసు తెచ్చిన సడలింపు వేరు, పళ్ళెం తెచ్చిన సడలింపు వేరు కదా అని మనసు తొలుస్తూనే ఉంది. కడుపును మూడు భాగాలుగా చూసుకోమన్న దైవప్రవక్త (స) బోధను తరగతిలో చెప్పి, అదే మధ్యాహ్నం దావత్‌కు వెళ్ళి రెండోసారి బిర్యానీ వడ్డించుకున్న రోజులు ఒకటి కాదు, రెండు కాదు.

ఎముకల వైద్యుడు ఎక్స్‌రే చూసి ఆపరేషన్ మాట ఎత్తలేదు. "మౌలానా, ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ముందు ఆ పని చూడండి" అన్నారు. మెట్ల జోలికి ఇప్పుడే పోవద్దనీ, చదునైన నేల మీద నడవమనీ సలహా ఇచ్చారు. రక్తపరీక్షలో పరగడుపున చక్కెర 118 ఉంది. మధుమేహం గుమ్మం దాకా వచ్చి నిలబడిందన్నమాట. కడపలో ఉండే మా అన్నయ్యకు ఆ వ్యాధి వల్లే రెండేళ్ళ క్రితం కుడికాలి వేళ్ళు తీసేశారు. అందుచేత ఆ 118 నాకు కాగితం మీది అంకెలా కనిపించలేదు, అన్నయ్య కట్టులా కనిపించింది. అమెరికాలో మూడు వేలకు పైగా మందిని పరిశీలించి 2002లో వెలువరించిన ఒక అధ్యయనాన్ని కూడా ఆయన ప్రస్తావించారు. శరీర బరువులో 7 శాతం తగ్గించుకోవడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందట. నా లెక్కన ఏడు శాతమంటే ఆరున్నర, ఏడు కిలోలు. అదేమంత పెద్ద పనీ కాదని నేను నవ్వుకున్నాను.

మదర్సాకు శుక్రవారం సెలవు. జుమాకు ముందు చేతిలో నాలుగైదు గంటలు ఉంటాయి. మిగిలిన రోజులలో ఫజ్ర్ తర్వాత మా వీధిలోనే నడిచేవాణ్ణి. శుక్రవారం మాత్రం గోల్కొండకు వచ్చేవాణ్ణి. మొదటి రెండు నెలలు కొండ వైపు కన్నెత్తి చూడలేదు. ఫతే దర్వాజా నుంచి బజారు మీదుగా కటోరా హౌజ్ దాకా, అక్కణ్ణుంచి తిరిగి దర్వాజాకు. కటోరా హౌజ్ కుతుబ్ షాహీల కాలపు పెద్ద కొలను. ఒకనాటి రాజవైభవానికి ఇప్పుడు గుర్రపుడెక్క ఆకే తివాచీ. దాని గట్టున కూర్చొని మోకాలు రుద్దుకుంటూ కొండకేసి చూస్తుంటే, అది సుమారు 120 మీటర్ల ఎత్తేనని ఎవరైనా చెప్పినా నమ్మబుద్ధి కాదు.

ఫిబ్రవరి నెలాఖరుకు తూకం 91.5 చూపింది. ఏడు వారాలలో నాలుగున్నర కిలోలు! నా అంతటివాడు లేడనుకున్నాను. సహోద్యోగులకు ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. మొదటి వారాలలో దిగేది కొవ్వు ఒక్కటే కాదని అప్పటికి నాకు తెలియదు. శరీరం కాలేయంలో, కండరాలలో కొంత చక్కెరను దాచుకుంటుంది. ఆ నిల్వ ఒక్కో గ్రాముకు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే ముందుగా ఆ నిల్వ కరుగుతుంది, దానితోపాటు నీళ్ళు పోతాయి. అన్నం, రొట్టె మళ్ళీ కడుపునిండా తిన్న మర్నాడు ఆ నీళ్ళు తిరిగి వస్తాయి. కొత్తగా మొదలుపెట్టినవారిలో ఎక్కువమంది ఈ రాకపోకల దగ్గరే మోసపోతారు. దిగినప్పుడు గర్వం, ఎక్కినప్పుడు నిరాశ. నిజానికి ఆ రెండు సందర్భాలలోనూ కొవ్వు పెద్దగా కదలి ఉండదు.

ఆ ఏడాది మార్చి 12న రంజాన్ మొదలైంది. ఉపవాస మాసంలో బరువు దానంతటదే దిగుతుందని మన ఇళ్ళలో ఒక నమ్మకం. కొద్దిగా దిగే మాట వాస్తవమే. చాలామందికి పండుగ తర్వాత కొన్ని వారాలలోనే అది తిరిగి వచ్చేస్తుందన్నది కూడా అంతే వాస్తవం. నాకు నెలాఖరుకు 90 వచ్చింది. ఈద్ తర్వాత రెండు వారాలకు 93. ఇఫ్తార్‌లో సమోసాలు, మిర్చీలు, రూహ్ అఫ్జా, తరావీహ్ తర్వాత హలీమ్, షీర్ ఖుర్మా ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ కాదనలేక ఒక్కో గిన్నె. ఎవరినీ నిందించను. గిన్నె అందుకున్న చెయ్యి నాదే.

93 చూసిన రోజు నుంచి నేను రోజుకు మూడుసార్లు తూకం ఎక్కడం మొదలుపెట్టాను. ఉదయం ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె, రాత్రి ఇంకొకటి. ఉప్పు ఎక్కువైన పచ్చడి తిన్నా, నీళ్ళు ఎక్కువ తాగినా ఒక్క రోజులో కిలో, కిలోన్నర తేడా రావడం మామూలేనని తర్వాత వైద్యుడు చెప్పారు. అప్పుడు మాత్రం ఆ ముల్లు ఇంటి వాతావరణాన్నే శాసించింది. అంకె పెరిగిన ఉదయం పిల్లలు నా ఎదుటికి రావడం మానేశారు. ఆ రోజుల్లోనే ఒక దుకాణదారు నెలలో పది కిలోలు దించుతుందంటూ అంటగట్టిన చూర్ణాన్ని కొన్నాను. మూడు రోజులు పాఠం మధ్యలో లేచి పరుగెత్తవలసి వచ్చింది. విద్యార్థులు గౌరవం కొద్దీ నవ్వలేదు.

నాలుగో రోజు తూకం యంత్రం కనిపించలేదు. మా ఇంటావిడ దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.

"శుక్రవారం పొద్దున ఒక్కసారి తీసి ఇస్తాను. మిగిలిన ఆరు రోజులూ మీరు మాకు కావాలి" అంది.

ఇది నా పదమూడు నెలల చరిత్రలో మొదటి మేలిమలుపు. అది నా బుద్ధితో వచ్చింది కాదు.

జూన్‌లో వైద్యుడు మోకాలిని పరీక్షించి, చేతికర్రతో నెమ్మదిగా కొన్ని మెట్లు ఎక్కవచ్చునన్నారు. ఎక్కడంకన్నా దిగడమే మోకాలికి ఎక్కువ శ్రమ అని హెచ్చరించి మరీ పంపారు. బాలా హిస్సార్ దర్వాజా గుమ్మటం కింద పర్యాటకులు చప్పట్లు కొడుతుంటారు. ఆ చప్పుడు కొండ కొనన ఉన్న బారాదరిలో వినిపిస్తుంది. శత్రువు వచ్చినా, అతిథి వచ్చినా పైవారికి తెలియడానికి కుతుబ్ షాహీ శిల్పులు చేసిన ఏర్పాటు అది. దర్వాజా దాటి తోటను, శిథిలమైన కచేరీలను చూసుకుంటూ పోతే మెట్లు మొదలవుతాయి. మొత్తం మూడు వందల అరవై దాకా ఉంటాయంటారు. లెక్క సరిగా తేల్చడం కష్టం. ఎందుకంటే అన్నీ ఒకే ఎత్తున ఉండవు. కొన్ని జానెడు, కొన్ని మూరెడు, కొన్నిచోట్ల అరిగిపోయిన రాయి. మొదటి రోజు నేను లెక్కపెట్టుకుంటూ ఎక్కి అరవై రెండో మెట్టు దగ్గర కూలబడ్డాను. ఇంకా మూడు వందలు! ఆ అంకెే నన్ను కిందికి దింపేసింది.

ఆషాఢంలో గురువారాలు, ఆదివారాలు కొండ మీది జగదాంబ ఆలయానికి బోనాలు వస్తాయి. హైదరాబాదులో బోనాలు మొదలయ్యేదే ఇక్కడ. జూలైలో ఒక ఆదివారం ఊరి నుంచి వచ్చిన బంధువులకు కోట చూపించడానికి వెళ్ళి ఆ జనప్రవాహంలో చిక్కుకున్నాను. అరవై దాటిన ఒక తల్లి నెత్తిన బోనంతో, చెప్పులు లేకుండా ఎక్కుతోంది. ఐదారు మెట్లకోసారి ఆగుతోంది. పక్కనే గోడకు ఆనుకొని రొప్పుతున్న నన్ను చూసి, "సాయిబూ, మెట్లు లెక్కవెట్టుకుంట ఎక్కితె ఒడువయ్. ఆగుకుంట పో" అని, తాను మాత్రం ఆగకుండా ముందుకు సాగిపోయింది.

ఆ తర్వాతి శుక్రవారం నుంచి నేను మెట్లు లెక్కపెట్టడం మానేశాను. దారి పక్కన మరొక లెక్క ఉందని అప్పుడే గమనించాను. ఈ కొండ మీద ఊటలు లేవు. దుర్గం చెరువు నుంచి కోటకు తెచ్చిన నీటిని కొండ పైకి ఎక్కించవలసి వచ్చింది. ఒక్క ఊపులో అంత ఎత్తుకు నీళ్ళు తోడగల యంత్రం ఆ రోజుల్లో లేదు. అందుకని కొండ వాలున వేర్వేరు ఎత్తులలో తొట్లు కట్టారు. ఎద్దులు తిప్పే పర్షియన్ చక్రాలు కింది తొట్టి నీటిని పై తొట్టికి, అక్కణ్ణుంచి ఇంకా పైదానికి చేర్చేవి. ఆపైన మట్టి గొట్టాల ద్వారా ఆ నీరు మహళ్ళకు పారేది. గోడలలో ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. నేను కూడా నీళ్ళలాగే ఎక్కాలని నిర్ణయించుకున్నాను. ఒక మజిలీ, విశ్రాంతి, మరొక మజిలీ. ఆగస్టులో రామదాసు చెర దాకా వెళ్ళాను. భద్రాచలం ఆలయం కోసం ఖజానా సొమ్ము ఖర్చు చేసినందుకు కంచర్ల గోపన్నను తానీషా కాలంలో బంధించిన గది అది. ఆ చీకటి గదిలో నిలబడి చెమట తుడుచుకుంటుంటే బయట మైనాల అరుపులు తప్ప మరేమీ వినిపించవు.

ఆగస్టు మొదట్లో బరువు 89. సెప్టెంబరు చివర కూడా 89. ఎనిమిది వారాలు! తిండి అంతే, నడక అంతే. సెప్టెంబరు తొలి రోజుల కుండపోత వానలలో కూడా ఇంటి వరండాలో నడిచాను. ముల్లు మాత్రం మేకు దిగ్గొట్టినట్టు కదలలేదు. నిజం చెప్పాలంటే, బరువు పెరిగినప్పటికన్నా ఈ కదలని రోజులలోనే నేను ఎక్కువ కుంగిపోయాను. పెరిగితే తప్పెక్కడుందో తెలుస్తుంది. తప్పేమీ చేయకపోయినా ఫలితం రాకపోతే ఏం చేయాలి?

దానికి జవాబు అంబర్‌ఖానా దగ్గర దొరికిందంటే అతిశయోక్తిలా ఉంటుంది గాని, నాకు విషయం అర్థమైంది మాత్రం అక్కడే. అది అబ్దుల్లా కుతుబ్ షా కాలపు ధాన్యాగారం. 1687లో ఔరంగజేబు సైన్యం ఈ కోటను ఎనిమిది నెలలు ముట్టడించింది. వానలు, కరువు, రోగాలతో బయటి సైన్యమే అల్లాడిపోయింది గాని కోట లొంగలేదు. లోపల కొట్లు ఉన్నాయి, ఉన్నదాన్ని పొదుపుగా వాడుకునే తెలివి ఉంది. మన శరీరం కూడా అంతేనని వైద్యుడు అంతకుముందే చెప్పారు. తిండి తగ్గగానే అది దాన్ని పొదుపు ఉద్యమంగా అనుకోదు, ముట్టడిగా అనుకుంటుంది. ఖర్చు తగ్గిస్తుంది, ఆకలి పెంచుతుంది. పైగా బరువు తగ్గిన దేహాన్ని మోయడానికి మునుపటంత శక్తి అక్కరలేదు. కాబట్టి 96 కిలోల మనిషిని తగ్గించిన తిండే 89 కిలోల మనిషికి సరిగ్గా సరిపోతుంది. ముల్లు ఆగిపోవడం నా నేరం కాదు, లెక్క మారిందంతే. ఆ గోడల నీడలో కూర్చున్నప్పుడు, నన్ను బతికించడానికి పాటుపడుతున్న శరీరం మీద ఇంతకాలం కోపం పెట్టుకున్నానే అనిపించింది.

ఆ ముట్టడి కథకు ముగింపు కూడా మీకు తెలిసే ఉంటుంది. కోట ఫిరంగులకు లొంగలేదు. లంచం తిన్న ఒక సర్దారు రాత్రివేళ లోపలి నుంచి తలుపు తెరిచాడు. నా ముట్టడిలో ఆ సర్దారు ఎవరో నాకు తెలుసు. పగలంతా నిగ్రహంగా ఉండి, రాత్రి పదకొండింటికి కితాబులు మూసి వంటింట్లోకి వెళ్ళి ఉస్మానియా బిస్కెట్ల డబ్బా తెరిచేది నేనే. రెండు అనుకుంటే ఆరు అయ్యేవి. ఈ సంగతి వైద్యుడికి ఎనిమిది నెలల తర్వాత గాని చెప్పలేకపోయాను. ఆయన తిట్టలేదు. రాత్రి భోజనం మరీ తగ్గించవద్దనీ, పప్పు, గుడ్డు లాంటివి కాస్త పెంచమనీ, నిద్ర వేళ ముందుకు జరపమనీ మాత్రం అన్నారు. పన్నెండు గంటల దాకా మేలుకునేవాడికి ఆకలి వేయక ఏం చేస్తుంది?

అక్టోబరులో ముల్లు కదిలింది. 88, ఆపైన 87.6. ఒక ఫజ్ర్ వేళ కుర్చీని వెనక్కి జరిపి, చేతులు ఆన్చి, మెల్లగా మోకాళ్ళ మీదికి దిగాను. నుదురు జానిమాజ్‌ను తాకింది. పది నెలల తర్వాత! ఆ సజ్దా ఎంతసేపు చేశానో నాకు గుర్తు లేదు. పక్కనున్న కుర్రవాడు సలాం తర్వాత నా చెయ్యి పట్టుకొని లేపాడు.

ఆ సంతోషంతో ఇంటికి వెళ్ళి చెప్పినప్పుడు మా ఇంటావిడ అల్‌హమ్దులిల్లాహ్ అంది. కాసేపాగి, "నాకు కూడా రెండేళ్ళుగా మోకాళ్ళు నొప్పే" అంది.

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. పది నెలలుగా నాకోసం నూనె కొలిచింది ఆమె. ఇంటివారికి ఒక వంట, నాకొక వంట చేసింది ఆమె. తూకాన్ని దాచింది, నా విసుగును భరించింది. పాత్రలో మిగిలినది పారేయలేక నిలబడే తినేసేది కూడా ఆమే. తనెప్పుడు నడవాలి? ఎక్కడ నడవాలి? మా వీధిలో తెల్లవారకముందే మగవాళ్ళం ఐదారుగురం నడుస్తాం. ఒక్క స్త్రీని కూడా నేను చూసిన గుర్తు లేదు. చూడలేదన్న సంగతి కూడా ఆ రోజు దాకా నాకు తట్టలేదు. వరుసగా పది నెలలు సెలవులన్నీ నేనొక్కడినే వాడుకున్నాను.

తర్వాతి శుక్రవారం ఇద్దరం బస్సెక్కాం. వంట? ఆ పూటకు పెద్దవాడు చేస్తానన్నాడు. అన్నం అడుగంటింది, ఎవరం మాట్లాడలేదు. నాలుగు వారాలకు మా పక్కింటి ఇద్దరు స్త్రీలు కూడా తోడయ్యారు. కటోరా హౌజ్ గట్టు వెంట బురఖాలలో ముగ్గురూ మాట్లాడుకుంటూ నడుస్తుంటే నేను వెనక పడిపోయేవాణ్ణి. ఆమె ఇంతవరకూ తూకం ఎక్కలేదు. "నాకు ఆ ముల్లుతో పనిలేదు, మెట్లు దిగేటప్పుడు మోకాలు చెప్తుంది" అంటుంది. ఇంట్లో రెండు వంటలు పోయి ఒకటే వంట వచ్చింది. దీన్ని నా సంస్కరణగా చెప్పుకోవాలని ఉంది గాని, అదీ ఆమె నిర్ణయమే.

డిసెంబరులో చిన్నమ్మాయి నికాహ్ జరిగింది. పెళ్ళింటి పెద్ద నడకకు పోతానంటే ఎవరు ఒప్పుకుంటారు? మూడు వారాలు నడక లేదు, నిద్ర లేదు. ఖుబానీ కా మీఠా మాత్రం ఉంది. సంవత్సరాంతానికి 91. మోకాలు మళ్ళీ పట్టేసింది, నేను మళ్ళీ కుర్చీలోకి వెళ్ళాను. ఏప్రిల్‌లోనైతే ఈ అంకె చూసి చూర్ణం కొనేవాణ్ణి. ఈసారి ఏమీ కొనలేదు. జనవరి మొదటి శుక్రవారం ఫతే దర్వాజా దగ్గర దిగి, మొదట్లోలాగే చదునైన బజారు దారి పట్టాను. కొండ ఎక్కడికీ పోదు కదా! జనవరి చివరికి 89, కుర్చీ మళ్ళీ వెనక్కి జరిగింది.

2025 ఫిబ్రవరి మూడో శుక్రవారం నేను మొదటిసారి బారాదరి దాకా వెళ్ళాను. తెల్లవారి తూకం 87.4. ఆ ముందు వారం 86.9. వైద్యుడు చెప్పిన ఏడు శాతం దాటిందనే మాట నిజమే గాని, అర కిలో పెరిగిన రోజునే కొండ పైకి చేరడం నాకెందుకో నచ్చింది. తొట్టి తొట్టికీ ఆగాను. ఇబ్రాహీం మస్జిదు దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. పైకి చేరేసరికి గంటంబావు పట్టింది. నాతోపాటు బయలుదేరిన కాలేజీ పిల్లలు అప్పటికే దిగిపోతున్నారు. పై అంతస్తులో గాలి హోరున వీస్తోంది. ఒకవైపు కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు, మరోవైపు అంతులేని ఇళ్ళు, దూరాన గాజు మేడలు. మోకాలు నొప్పిగానే ఉంది.

మా ఇంటావిడ ఎక్కనంది. దిగేటప్పుడు తన మోకాలు ఒప్పుకోదని దర్వాజా గుమ్మటం కిందే ఆగిపోయింది. "మీరు పైకి చేరే వేళకు చప్పట్లు కొడతాను, వినండి" అంది. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. ఒక చప్పుడు, ఆగి ఇంకొకటి, ఆపైన పిల్లలెవరో వరుసపెట్టి కొట్టినట్టు పదీ పదిహేను. ఏది ఆమెదో తెలియలేదు. అన్నిటికీ కలిపి నేను కూడా పైనుంచి చప్పట్లు కొట్టాను. పక్కనున్నవాళ్ళు వింతగా చూశారు.

దిగడానికి ఇంకో గంట పట్టింది. జుమాకు సమయం దగ్గర పడుతోంది. దర్వాజా దగ్గర ఆమె బండ మీద కూర్చొని జామకాయలు కోసి పెట్టుకుంది.

"ఎన్నిసార్లు కొట్టావు?" అని అడిగాను.

"మూడుసార్లు. మీకు వినిపించిందా?"

"వినిపించింది" అన్నాను.